మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో మ్యాజిక్ మష్రూమ్స్ లీగల్ అని మా రూమ్మేట్స్ అంటున్నారు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఫర్వాలేదా?

ఫర్వాలేదని ఎవరు చెప్పినా నమ్మకండి. మీ రూమ్మేట్స్ అబద్ధం చెప్పడం లేదు కానీ సగమే చెప్తున్నారు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్న మీకు కావాల్సింది ఆ రెండో సగం. నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. వీటి మీద మా సిటీ కౌన్సిల్ తీర్మానం వచ్చినప్పుడు గట్టిగా సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను. అందుకే దాని హద్దులు ఎక్కడున్నాయో కూడా చెప్పాలనిపించింది.

2020 సెప్టెంబర్ 21న యాన్ ఆర్బర్ సిటీ కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. సైలోసిబిన్ అనే మత్తు పదార్థం ఉండే పుట్టగొడుగులు (మ్యాజిక్ మష్రూమ్స్ అంటే ఇవే), అయవాస్కా, ఐబోగా, మెస్కలిన్ ఉండే కాక్టస్‌లు, ఇలా మనసు మీద పనిచేసే, ప్రకృతిలో దొరికేవాటిని పెంచుకున్నా, దగ్గర ఉంచుకున్నా, వాడినా, ఆ కేసులు సిటీ పోలీసులు అన్నిటికంటే చివర చూడాల్సినవి అని దాని సారాంశం. అంతే. ఏ చట్టమూ రద్దు కాలేదు. షాపు పెట్టి అమ్ముకోవడానికి అనుమతి లేదు, ఎల్‌ఎస్‌డీ లాంటి ల్యాబ్ సరుకు ఇందులోకి రాదు. 2019 మేలో డెన్వర్ ఓటర్లు పుట్టగొడుగులతో మొదలుపెట్టారు, జూన్‌లో ఓక్లాండ్ కౌన్సిల్ మొక్కలనీ కలిపింది, మా ఊరు ఆ దారిలోనే నడిచింది. గంజాయి విషయంలో ఇక్కడ 1970ల్లోనే 5 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు కాబట్టి ఈ ఊరికి ఇలాంటివి కొత్త కాదు. 2021 జనవరిలో మా ఊరున్న వాష్టెనా కౌంటీలో నేరాల కేసులు నడిపే ప్రాసిక్యూటర్ ఎలై సావిట్ కూడా ఇలాంటి కేసులు పెట్టబోమని పాలసీ ప్రకటించారు. కానీ అది ప్రాసిక్యూటర్ పాలసీ. ఆ కుర్చీ ఎన్నికల్లో చేతులు మారేది, రేపు వచ్చేవాళ్ళు వద్దనుకుంటే పోతుంది.

మిషిగన్ రాష్ట్ర చట్టంలో సైలోసిబిన్ ఇప్పటికీ నేరమే. 2021లో ఇక్కడి రాష్ట్ర సెనేటర్ జెఫ్ అర్విన్ రాష్ట్రమంతటికీ మార్చాలని బిల్లు పెట్టారు, అది గట్టెక్కలేదు. అందుకని ఊరి పొలిమేర దాటితే లెక్క మారిపోతుంది. మన స్టూడెంట్స్ చాలామంది ఉండే అపార్ట్‌మెంట్లకి అడ్రస్‌లో యాన్ ఆర్బర్ అనే ఉంటుంది, తీరా చూస్తే అది పిట్స్‌ఫీల్డ్ టౌన్‌షిప్, అక్కడి పోలీసులు వేరు. డెట్రాయిట్, హేజెల్ పార్క్, ఫెర్న్‌డేల్ తమ తమ తీర్మానాలు చేసుకున్నాయి, వాటి మధ్యలో ఉన్న ఊళ్ళన్నీ చేసుకున్నట్టు కాదు. వీకెండ్ గుడికని నోవై వెళ్ళేటప్పుడు బ్యాగులో ఏముందో గుర్తుంచుకోవాల్సిందే. యూనివర్సిటీ క్యాంపస్ సంగతి చెప్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 2021 నుంచి క్యాంపస్ మధ్యలో డయాగ్ అనే ఖాళీ స్థలంలో ఇలాంటి మొక్కల్నీ పుట్టగొడుగుల్నీ సమర్థించేవాళ్ళ ఎంథియోఫెస్ట్ అని సభ జరుగుతోంది, మైకులో మాట్లాడేవాళ్ళు, పుట్టగొడుగుల బొమ్మల టీషర్టులు, పిల్లల్ని తోపుడుబండిలో తెచ్చుకున్న తల్లిదండ్రులు, చూస్తే ఇక్కడ అన్నీ ఓకే అనిపిస్తుంది. కానీ ఆ నేల యూనివర్సిటీది, అక్కడ తిరిగేది యూనివర్సిటీ పోలీసులు, సిటీ కౌన్సిల్ మాట వాళ్ళని కట్టిపడేయదు.

ఇంత చెప్పి మళ్ళీ ఎందుకు సమర్థిస్తున్నారంటారేమో. మా పక్క వీధిలో ఇరాక్ యుద్ధానికి వెళ్ళొచ్చిన ఒకాయన ఉన్నారు. జూలై 4న టపాసులు మొదలైతే బేస్‌మెంట్‌లోకి దిగి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేవారు, రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. ఒకరోజు నాకు ఆ బేస్‌మెంట్‌లోనే ఒక ప్లాస్టిక్ డబ్బా చూపించారు. మూత లోపలంతా నీటి చుక్కలు, పక్కన టేపు అంటించి దానిమీద స్కెచ్ పెన్నుతో తేదీ, లోపల గోధుమరంగు టోపీలతో నాలుగైదు పుట్టగొడుగులు. దాంతో ఆయనకి జబ్బు నయమైందని నేను అనను, అలా చెప్పడానికి నేను డాక్టర్‌ని కాను. ఇప్పుడు నిద్ర పడుతోందని మాత్రం ఆయనే చెప్పారు, భార్యతో కలిసి బయటికి వస్తున్నారు, అది నా కళ్ళతో చూశాను. ఆ డబ్బా కోసం ఆయన చేతికి బేడీలు వేస్తే ఎవరికి మేలు? మా కౌన్సిల్ అడిగిన ప్రశ్న అదే, వాళ్ళు చెప్పిన జవాబు సరైందని నా అభిప్రాయం. మెస్కలిన్ ఉండే పెయోటీ కాక్టస్ విషయంలో మాత్రం నాకు వేరే మాట ఉంది. దక్షిణ టెక్సాస్‌లో పెరిగే ఆ చిన్న కాక్టస్ ఎదగడానికి ఏళ్ళు పడుతుంది, అది నేటివ్ అమెరికన్ చర్చ్ వాళ్ళ పూజా ద్రవ్యం, ఇలాంటి తీర్మానాల్లో దాని పేరు పెట్టొద్దని వాళ్ళే అడిగారు. వాళ్ళ మాట వినాలి.

ఇక మీ వీసా. ఇమ్మిగ్రేషన్ అనేది ఫెడరల్ వ్యవహారం. 1970 నాటి ఫెడరల్ చట్టంలో సైలోసిబిన్ షెడ్యూల్ 1లో ఉంది, అంటే హెరాయిన్ ఉన్న జాబితాలో. సిటిజన్ కానివాళ్ళని డ్రగ్ కేసులో దేశం నుంచి పంపేసే సెక్షన్‌కి ఒకే ఒక్క చిన్న మినహాయింపు ఉంది, సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు గంజాయి, అదీ ఒక్కసారికే. పుట్టగొడుగులకి ఆ మినహాయింపు కూడా లేదు. అసలు కేసే అవసరం లేదు, డ్రగ్ నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకుంటే అదే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. ఎయిర్‌పోర్టులో ఫోన్ తెరిచి చూసే అధికారం వాళ్ళకి ఉంది, మరి మీ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో ఫొటోలూ జోకులూ ఎందుకు?

నాకు తెలిసిన ఒక కుర్రాడు గ్రీన్ కార్డ్ మెడికల్‌కి వెళ్ళాడు. డ్రగ్స్ ఎప్పుడైనా వాడావా అని డాక్టర్ మామూలుగా అడిగితే, ఇక్కడ డీక్రిమినలైజ్ అయింది, అంటే నేరంగా చూడట్లేదు కదా అనుకుని ఉన్నది చెప్పేశాడు. ఆ డాక్టర్ సంతకం పెట్టకుండా ఇంకో పరీక్షకి పంపించారు, ఫైలు ఆగింది, జాబ్ మారదామనుకున్నవాడు మారలేకపోయాడు, ఇంట్లో అమ్మానాన్నలకి ఏం చెప్పాలో తెలియక నెలల తరబడి టెన్షన్‌తో నలిగిపోయాడు. చివరికి బయటపడ్డాడు. అతన్ని అబద్ధం చెప్పమనడం లేదు నేను, అబద్ధం ఇంకా పెద్ద ప్రమాదం. ఆ ప్రశ్నకి నిజాయితీగా లేదని చెప్పగలిగే స్థితిలో ఉండండి అంటున్నాను.

స్మోక్ షాపుల్లో దొరికే మష్రూమ్ చాక్లెట్ల జోలికి కూడా పోకండి. 2024లో అలాంటి బార్లు తిని చాలా రాష్ట్రాల్లో మనుషులు ఆసుపత్రి పాలయ్యారు, పరీక్ష చేస్తే ప్యాకెట్ మీద రాయనివి లోపల బయటపడ్డాయి. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉంటే అసలు ఆలోచనే వద్దు, రీసెర్చ్ ట్రయల్స్‌లోనే అలాంటివాళ్ళని తీసుకోరు. మీరు డిప్రెషన్‌తో ఇబ్బంది పడుతూ ఇటు చూస్తున్నట్టయితే ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్ళండి, అలా వెళ్ళడం వల్ల వీసాకేమీ కాదు.

ఒకవేళ ఎవరి కారులోనో ఉండి ఇరుక్కున్నారనుకోండి, "గిల్టీ అని ఒప్పుకో, క్లాసులకి వెళ్తే కేసు కొట్టేస్తారు" అనే ఆఫర్‌కి వెంటనే తలూపకండి. తప్పు ఒప్పుకుని ఏదో ఒక శిక్షో షరతో పడితే, తర్వాత రాష్ట్ర కోర్టు కేసు తీసేసినా ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే. ఆ ఒప్పందం వల్ల దేశం వదలాల్సి వస్తుందా అన్నది మీ క్రిమినల్ లాయర్ మీకు చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆ ప్రశ్న మీరే అడగండి, జవాబు కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, సంతకం పెట్టేముందే విడిగా ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.