యాంగెలోపులోస్ సినిమాల్లో ముందు ఏది చూడాలి?

గ్రీకు దర్శకుడు థియో యాంగెలోపులోస్ సినిమాల్లో దేనితో మొదలుపెట్టాలి, ఆ షాట్లు అంతసేపు సాగడం దేనికి అని అడిగారు. కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్ వచ్చింది కాబట్టి చాలామంది 'ఎటర్నిటీ అండ్ ఎ డే' (1998) చెబుతారు. నేను మాత్రం 'ల్యాండ్‌స్కేప్ ఇన్ ది మిస్ట్' (1988) అంటాను. ఎన్నడూ చూడని తండ్రి జర్మనీలో ఉన్నాడని నమ్మి, ఒక అక్కా తమ్ముడూ టికెట్ లేకుండా రైలెక్కే కథ.

హైదరాబాదులో ఒక ఫిల్మ్ క్లబ్బు వాళ్లు వేస్తే చూశాను. దారిలో ఒక లారీ డ్రైవరు ఆ పిల్లను బండి వెనక టార్పాలిన్ చాటుకు లాక్కుపోతాడు. కెమెరా లోపలికి పోదు, బయటే ఉండిపోతుంది. ఆ టార్పాలిన్‌నే చూస్తూ కూర్చోవాలి. హాల్లో ఎవరూ కదల్లేదు. కట్ చేసి ఉంటే మనం తప్పించుకునేవాళ్లం. ఆయన తప్పించుకోనివ్వడు. నిడివి దేనికంటే అందుకే.

తండ్రి కోసం ఆ వెతుకులాట ఆయన సొంత అనుభవమే. పుట్టింది 1935లో, ఏథెన్స్‌లో. 1944 డిసెంబరులో ఆ నగరంలో ప్రభుత్వ బలగాలతో జరిగిన పోరాటాల్లో తండ్రిని వామపక్ష గెరిల్లాలు పట్టుకుపోతే, తొమ్మిదేళ్లవాడు తల్లి వెంట శవాల మధ్య తిరిగి వెతికాడు. తండ్రి ఆ తర్వాత ప్రాణాలతో తిరిగొచ్చాడు. అంత జరిగినా కొడుకు వామపక్షం వైపే మొగ్గడం నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. లా చదువు వదిలి పారిస్ వెళ్లాడు, తిరిగొచ్చి ఒక వామపక్ష దినపత్రికలో సినిమా సమీక్షలు రాశాడు. 1967లో గ్రీసులో అధికారం చేజిక్కించుకున్న సైనిక ప్రభుత్వం దాన్ని మూయించింది.

రెండోది 'ది ట్రావెలింగ్ ప్లేయర్స్' (1975) చూడండి. 1939 నుంచి 1952 దాకా ఊరూరా తిరిగే ఒక నాటక బృందం కథ. దాదాపు నాలుగు గంటల సినిమాలో షాట్లు 80 దాకా ఉంటాయేమో, అంతే. 1946 కొత్త సంవత్సరం రాత్రి డాన్స్ హాల్లోంచి బయటికొచ్చిన ఒక గుంపు వీధిలో పాడుకుంటూ నడుస్తుంది. కట్ లేకుండానే ఆ నడక 1952 ఎన్నికల సభకు చేరుతుంది! సైనిక పాలన ఇంకా ఉండగానే ఈ సినిమా తీయడం మొదలుపెట్టాడు.

2012 జనవరి 24న, పిరేయస్ దగ్గర 'ది అదర్ సీ' షూటింగ్‌లో రోడ్డు దాటుతుండగా మోటార్‌సైకిల్ ఢీకొని చనిపోయాడు. 76 ఏళ్లు. ఆ సినిమా పూర్తికాలేదు.

'ట్రావెలింగ్ ప్లేయర్స్'కు కూర్చునే ముందు వామపక్ష గెరిల్లాలకూ ప్రభుత్వ సైన్యానికీ మధ్య సాగిన గ్రీకు అంతర్యుద్ధం గురించి ఒక అరగంట చదువుకోండి. లేకపోతే ఎవరు ఎవరిని కాలుస్తున్నారో అందదు.