విజ్‌డెవ్ ఆదాయం పంట డబ్బు లాంటిది

ప్రశ్న: నా వయసు 28. మాది జనగామ దగ్గర పల్లె, నాన్న పత్తి రైతు. హైదరాబాద్‌లో పిల్లల యానిమేషన్ సిరీస్‌లు తీసే స్టూడియోలో 4 ఏళ్ల 4 నెలలుగా విజువల్ డెవలప్‌మెంట్ (విజ్‌డెవ్) ఆర్టిస్టుని, అంటే పాత్రలు, ఇళ్లు, రంగులు ఎలా ఉండాలో మొదట్లోనే గీసిపెట్టే పని. ఇదే నా మొదటి ఉద్యోగం. చేతికి 58,000 వస్తుంది, బేసిక్ 28,000. ఇంటి ఖర్చు, లోన్ వాయిదా కలిపి నెలకు 38,000. దాచుకున్నది 1.1 లక్షలు. ఒక విదేశీ స్టూడియో రిక్రూటర్ నా పోర్ట్‌ఫోలియో చూసి ఇంటి నుంచే 6 నెలల ఫ్రీలాన్స్ పని ఇస్తానంటున్నారు. మన డబ్బుల్లో నెలకు 1.4 లక్షలు. రెండు వారాల్లో జవాబు చెప్పాలి. సరిగ్గా ఇప్పుడే మా స్టూడియో వాళ్లు ఆర్టిస్టులను ఎంపిక చేసే రిక్రూట్‌మెంట్ టీమ్‌లోకి రమ్మంటున్నారు, చేతికి 66,000 ఇస్తారట. నాన్నకు షుగర్ ఉంది. ఏది ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. రాజీనామా చేసేయనా?

జవాబు: ఈ నెలలో చేయకండమ్మా. ఫ్రీలాన్స్ చెడ్డదని కాదు, మీరు వెళ్లాల్సింది చివరికి అటే అనుకుంటున్నాను. కానీ 8 నెలలు ఆగితే మీ చేతిలో ఉండేది వేరు.

ముందు మీ పని సంగతి. ఛోటా భీమ్ 2008లో టీవీలోకి వచ్చాడు, పుట్టింది మన హైదరాబాద్ స్టూడియోలోనే. అలాంటి సిరీస్‌లో భీముడి ధోవతి రంగేమిటి, ఢోలక్‌పూర్ ఇళ్లు ఎలా ఉండాలి అన్నవి మొదట్లోనే తేలిపోతాయి. ఆ తర్వాత వందల ఎపిసోడ్లను లేఅవుట్ వాళ్లు, యానిమేటర్లు ఏళ్ల తరబడి నడిపిస్తారు. ప్రాజెక్టులో అందరికంటే ముందు మొదలయ్యే పని మీది, చాలాసార్లు ముందు ముగిసేదీ మీదే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ ఖాళీని కంపెనీ భరిస్తుంది. ఫ్రీలాన్స్‌లో మీరే భరించాలి.

మీ నాన్నగారికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. పత్తి అమ్మిన డబ్బు ఒక్కసారిగా వస్తుంది. అందులోంచే ఏడాది తిండి, మళ్లీ మృగశిర కార్తె నాటికి విత్తనాలు, ఎరువులు. 1.4 లక్షలను నెల జీతంగా చూడకండి, పంట డబ్బుగా చూడండి. 6 నెలలకు 8.4 లక్షలు. తర్వాత ఆరు నెలలు ఏ పనీ దొరకలేదనుకుంటే నెలకు పడేది 70,000. అందులోంచి సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, టాబ్లెట్ మరమ్మతులకు నెలకు 5,000, కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమాకు 4,000 తీసేద్దాం. మిగిలింది 61,000. రిక్రూట్‌మెంట్ ఉద్యోగంలో 66,000 చేతికొస్తుంది, పైగా కంపెనీ వేసే పీఎఫ్ వాటా, గ్రూప్ బీమా ఉంటాయి. నిజమే, మధ్యలో ఇంకో మూడు నెలల పని దొరికితే ఏడాదికి 12.6 లక్షలవుతుంది, అప్పుడు ఏ ఉద్యోగమూ సరితూగదు. ఆ రెండో పంట కోసం ఆగే శక్తి మీకు ఇప్పుడు లేదు. 1.1 లక్షలంటే మీ ఇంటికి మూడు నెలలు కూడా గడవదు. విదేశీ స్టూడియోలు ఇన్‌వాయిస్ పంపాక నెల, నెలన్నరకు చెల్లించడం మామూలే.

ఇక 8 నెలలు ఎందుకంటే, అప్పటికి మీకు 5 ఏళ్ల సర్వీసు నిండుతుంది, ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి అర్హత వస్తుంది. బేసిక్ 28,000ను నెలకు 26 రోజుల లెక్కన భాగించి, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున 5 ఏళ్లకు సుమారు 80,800. కొత్త పోస్టులో బేసిక్ పెరిగితే ఇంకొంచెం ఎక్కువే. పీఎఫ్ కూడా 5 ఏళ్లు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. నిండాక కూడా దాన్ని కదపొద్దనే చెబుతాను.

అందుకే రిక్రూట్‌మెంట్ పోస్టు తీసుకోండి. అదే కంపెనీ కాబట్టి సర్వీసు తెగదు. ఖర్చు 38,000 దాటకుండా చూసుకుంటే నెలకు 28,000 చొప్పున 8 నెలలకు 2.24 లక్షలు. ఉన్న 1.1 లక్షలు, గ్రాట్యుటీ కలిపితే 4 లక్షలు దాటుతుంది. పది నెలల ఇంటి ఖర్చు అది. ఎఫ్‌డీలో, లిక్విడ్ ఫండ్‌లో ఉంచండి. షేర్లలో పెట్టకండి.

ఆ కుర్చీలో డబ్బు కాక ఇంకోటి కూడా దొరుకుతుంది. రోజూ వందల పోర్ట్‌ఫోలియోలు చూస్తారు. ఏ పేజీ దగ్గర చూపు ఆగుతుందో, దేన్ని చూసీచూడనట్టు దాటేస్తారో తెలుస్తుంది. ఎవరికి ఎంత రేటు నడుస్తోందో తెలుస్తుంది. బేరమాడేటప్పుడు ఆ అవగాహన మీకు అండ. కానీ అక్కడే ఏళ్లు గడపడం మీకు మంచిది కాదు. కొత్త ప్రాజెక్టులు ఆగితే ముందు ఆగేది నియామకాలే, ఆ టీమ్ మీదే మొదట వేటు పడుతుంది. చేతిలో బొమ్మ వేసే పట్టు కూడా పోతుంది. రోజూ సాయంత్రం గంటసేపు సొంత పాత్రలు, కలర్ స్క్రిప్టులు (కథ సాగే కొద్దీ రంగులు ఎలా మారాలో చూపే బొమ్మలు) వేసుకోండి.

విదేశీ రిక్రూటర్‌కు మర్యాదగా రాయండి: "ఇప్పుడు కుదరదు, ఫలానా నెల నుంచి పూర్తిగా అందుబాటులో ఉంటాను." మంచి రిక్రూటర్లు నచ్చిన ఆర్టిస్టుల పేర్లు తర్వాతి ప్రాజెక్టు కోసం దాచుకుంటారు. ఉద్యోగంలో ఉంటూ రాత్రిళ్లు చేసిపెడదామనుకుంటే ముందు మీ నియామక పత్రం చదవండి, బయటి పని నిషిద్ధమైతే అడగకుండా ఒప్పుకోవద్దు. ఎవరైనా రిజిస్ట్రేషన్‌కో, టెస్టుకో మీతోనే డబ్బు కట్టమంటే అది మోసం, అక్కడితో వదిలేయండి.

బయటికి వచ్చాక పన్ను గురించి మరీ భయపడక్కర్లేదు. ఇప్పుడున్న కొత్త ఆదాయపు పన్ను విధానంలో జీతం, ఫ్రీలాన్స్ కలిపి పన్ను లెక్కకొచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే పన్ను పడదు, రిటర్ను మాత్రం వేయాలి. వసూళ్లలో సగాన్నే ఆదాయంగా చూపే పద్ధతి ఒకటుంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది సెక్షన్ 44ఏడీఏ. దానికి వర్తించే సినిమా కళాకారుల జాబితాలో ఆర్ట్ డైరెక్టర్ ఉన్నారు కానీ విజువల్ డెవలప్‌మెంట్ అన్న పేరు లేదు. మీకు వర్తిస్తుందో లేదో ఆడిటర్ చేత చూపించుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటినప్పటి మాట. ఒప్పందంలో మాత్రం రెండు రాయించుకోండి: పని మొదలుకాకముందే కొంత అడ్వాన్సు, మధ్యలో ప్రాజెక్టు ఆగిపోతే అప్పటిదాకా చేసినదానికి చెల్లింపు.

నాకు అన్నిటికంటే ఆందోళన నాన్నగారి బీమా. కొత్తగా పాలసీ తీసుకుంటే షుగర్ లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండే కాలం పెట్టవచ్చు. అందుకే ఆయన పేరు మీ గ్రూప్ పాలసీలో ఉందో లేదో ఈ వారమే హెచ్ఆర్‌లో అడగండి. ఉంటే, ఉద్యోగం మానకముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారేందుకు దరఖాస్తు ఇవ్వండి. అప్పుడు ఇప్పటిదాకా గడిచిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఇవాళే విడిగా ఒక పాలసీ తీసుకోండి. మీరు ఉద్యోగంలో ఉండే ఈ 8 నెలలైనా ఆ గడువులోంచి తగ్గుతాయి.