గొర్రెల తొట్టిలో ఆ పొడి పడనీయకు

నాయనా,

హైదరాబాద్ ఉద్యోగం మానేసి కదిరి వచ్చి, పాలకోసం 12 మేకలు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ తాత మందను మళ్లీ ఒకడు పట్టుకున్నాడని ఆ రాత్రి నిద్రపట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పొదుగు కడిగి, తుడిచి, అప్పుడు పిండు. పోతును దూరంగా కట్టు, లేకపోతే పాలకు దాని కంపు పడుతుంది.

నా టెన్షనంతా మినరల్ మిక్చర్ గురించే, అదే, మేతలో కలిపే ఖనిజాల పొడి. పశువుల మిక్చర్ తెచ్చి తవుడులో కలుపుతున్నావట. అదే దొడ్లో మీ అమ్మ గొర్రెలు నాలుగున్నాయట. అది విన్నప్పటినుంచి నాకు కూడు సహించడం లేదు.

మీ పెదనాన్న చనిపోయిన ఏడాది నా దగ్గర తొమ్మిది మేకలు, అయిదు గొర్రెలు ఉండేవి. పాలు పెరగాలని, కొలతేమీ లేకుండా రోజూ ఆ పొడి గుప్పెళ్లతో తొట్టిలో వేశాను. అన్నీ అక్కడే తినేవి. మేకలు నిగనిగలాడుతుంటే మురిసిపోయాను. కొన్ని నెలలకు ఒక తెల్లవారుజామున ఒక గొర్రె తల వాల్చి గోడకానుకుని నిలబడింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలంతా పసుపు పూసినట్టుంది. ఉచ్చ డికాషన్ రంగులో పోసింది. పొద్దుగూకేసరికి పోయింది. మూడు రోజుల్లో ఇంకో రెండు. వాటిలో ఒకటి తల్లి చస్తే నేను సీసాతో పాలుపట్టి పెంచినది. నా కొంగు నోట్లో పెట్టుకునే ప్రాణం విడిచింది.

డాక్టరు కోసి చూసి, ఆ పొడిలో ఉండే రాగి లోహమే చంపింది అన్నాడు. మేక తట్టుకున్నంత రాగిని గొర్రె తట్టుకోలేదు. రోజూ కాస్త కాస్త కాలేయంలో చేరుతుంది, పైకేమీ కనపడదు. నిండాక ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. అప్పుడు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అలాగని భయపడి మేకలకు గొర్రెల పొడి పెట్టకు. అందులో రాగి చాలదు. నల్లమేక వెంట్రుక తుప్పురంగుకు తిరిగిందంటే రాగి తగ్గిందేమోనని అనుమానించాలి. పాలిచ్చే మేకకు రోజుకు 10-15 గ్రాములు, త్రాసులో తూచి పెట్టు. గుప్పెడు కొలత కాదురా!

పొడి ఎక్కువేస్తే పాలు చిక్కబడతాయని ఎవరైనా అంటే నమ్మకు. మేతలో సున్నం, అంటే కాల్షియం, తగ్గితే తన ఎముకల్లోంచి తీసైనా పాలకిస్తుంది మేక. అందుకే పాలు బాగున్నా అది లోపల్లోపల గుల్లవుతుంది. పాలలో వెన్న కావాలంటే వేరుశనగ కట్టె, అవిశాకు కడుపునిండా మేపు. మేతతో పాటు పాలలో పెరిగేది అయోడిన్ లాంటిది, సున్నం కాదు. పోతుకు మాత్రం తవుడు అదేపనిగా పెట్టకు, మూత్రంలో రాళ్లు కడతాయి.

మొన్న ఫోన్లో గట్టిగా అరిచాను కదా, మనసులో పెట్టుకోకు. నీ మీద కోపం కాదది, ఆ సీసా గుర్తొచ్చింది. ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. అంతదాకా గొర్రెలను వేరే కొట్టంలో కట్టు, ఆ సంచి మూతి బిగించి అటక మీద పెట్టు.

మీ పెద్దమ్మ