డీఎన్ఏ తొడిగిన బంగారు నానోకణాలు: రంగు నిలిచినా సిగ్నల్ ఎందుకు తగ్గుతుంది?

థయాల్ (బంగారాన్ని పట్టుకునే గంధకపు కొస) ఉన్న డీఎన్ఏను 13 నానోమీటర్ల బంగారు కణాలకు అతికించి ఫ్రిజ్‌లో దాచారనీ, ద్రావణం ఎర్రగానే ఉన్నా కొన్ని వారాల తరువాత డీఎన్ఏ అక్షరాల వరుసలో ఉన్న సంకేతాన్ని చదివితే సిగ్నల్ బాగా పడిపోతోందనీ మీరు రాశారు. ఇదే కణాలతో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఉండటం వేరు, డీఎన్ఏ కణాన్ని వదలకుండా ఉండటం వేరు. ఆ ఎరుపుకు కారణమైన, 520 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకునే శోషణ శిఖరం మొదటిదాన్ని మాత్రమే చూపిస్తుంది. కొంత డీఎన్ఏ ఊడిపోయినా మిగిలిన డీఎన్ఏ పోచలు కణాలను విడివిడిగా ఉంచగలవు కనుక రంగు మారదు. ఊడిన పోచలు మాత్రం ద్రావణంలో తిరుగుతూ, చదవడానికి మీరు కలిపే సంపూరక (వాటితో జతకట్టే) పోచలను ముందుగానే పట్టుకుంటాయి.

అందువల్ల ముందు కొంత నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలు అడుగుకు చేరాక పైన మిగిలిన ద్రవాన్ని పరీక్షించండి. డీఎన్ఏ చివర ఫ్లోరెసెంట్ రంగు ఉంటే పని సులభం, ఎందుకంటే బంగారానికి దగ్గరగా ఉన్నంతసేపు ఆ వెలుగు అణిగి ఉంటుంది, ఊడగానే బయటపడుతుంది. నేను ప్రతి బ్యాచ్‌నూ వాడే ముందు ఇలా చూసి, కడిగిన తరువాతే చదువుతాను.

ఊడటానికి నేను మొదట అనుమానించేది చదివేటప్పుడు వాడే బఫర్‌నే (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణాన్నే). డీఎన్ఏ ముక్కలను అతికే టీ4 లైగేజ్ వంటి ఎంజైముల బఫర్లలో డీటీటీ అనే రసాయనం ఉంటుంది. అది స్వయంగా థయాల్ కనుక, ఒకే థయాల్‌తో వేలాడే పోచను తోసి తన చోటు చేసుకుంటుంది. డీటీటీ లేని బఫర్ దొరకకపోతే, రెండు మూడు గంధక పరమాణువులతో పట్టుకునే లంగరు ఉన్న డీఎన్ఏను తెప్పించుకోవడం ఖరీదైనా సరైన మార్గం.

అతికించే దశలోనూ జాగ్రత్త అవసరం. డీఎన్ఏ అక్షరాలలో అడెనైన్ బంగారాన్ని గట్టిగా అంటుకుంటుంది, థైమిన్ అన్నిటికంటే తక్కువగా అంటుకుంటుంది. కాబట్టి అడెనైన్ ఎక్కువగా ఉన్న సంకేతం ఉపరితలం మీద పడుకుని, ఇతర పోచలకు చోటివ్వకపోవడమే కాక చదవడానికీ అందదు. థయాల్‌కూ సంకేతానికీ మధ్య పది థైమిన్లు పెట్టించండి. సోడియం క్లోరైడ్‌ను ఒక్కసారిగా పోయకుండా, 0.01 శాతం ట్వీన్ 20 అనే డిటర్జెంట్ సమక్షంలో, కొద్దికొద్దిగా 0.3 మోలార్ వరకూ పెంచితే పోచల పరస్పర వికర్షణ తగ్గి ఎక్కువ పోచలు చేరతాయి. పీహెచ్ 3 సిట్రేట్ బఫర్ పద్ధతి ఇదే పనిని నిమిషాల్లో చేస్తుంది.

ఏళ్ల తరబడి నిల్వే మీ ఉద్దేశమైతే నేను బంగారాన్ని నమ్ముకోను. 2015లో జూరిచ్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపినట్టు డీఎన్ఏను సిలికా గాజులో పొదిగి దాచి, చదవాల్సినప్పుడు బయటకు తీసి, బంగారు కణాలను గుర్తింపు పనికే వాడటం మేలు.