స్పీడు కారుకి ఖరీదైన బ్రేక్ ప్యాడ్లే వేయాలా?

అక్కర్లేదు, అమలాపురం, భీమవరం కాలవగట్ల మీద మామూలుగా తిరిగే కారుకి, పవర్ ఎంతున్నా, కంపెనీ ప్యాడ్లు చాలు, మరీ చవకరకం మాత్రం వద్దు. బ్రేక్ తొక్కితే కారు వేగం వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే వేడి 4 రెట్లు. ఆ వేడికి నాసిరకం ప్యాడ్‌లోని రెసిన్ (ప్యాడ్ పదార్థాన్ని అంటించి ఉంచే జిగురు) మాడి పట్టు సడలుతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. మారేడుమిల్లి ఘాట్ దిగుతూ పదేపదే బ్రేక్ తొక్కితే ఈ తేడా కాలిన వాసనతో సహా తెలుస్తుంది. అలాంటి దారుల్లో జోరుగా నడిపేవాళ్లకి ప్రీమియం ప్యాడ్లు దండగ కాదు (గేరు తగ్గించి దిగడం ఎలాగూ తప్పదనుకోండి). ఖరీదైనవి వేస్తే కారు ఎప్పుడైనా ఠక్కున ఆగుతుందనుకోవడం పొరపాటు. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత గట్టిగా తొక్కాక ఇక టైర్ల పట్టే ముఖ్యం. పైగా రేసింగ్ ప్యాడ్లు వేడెక్కితేగానీ సరిగా పట్టవు.