మగబిడ్డ కదా, ఎవరితో చెప్పుకునేది?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. కూతురు, అల్లుడు కువైట్‌లో ఉండారు. 9 ఏండ్ల మనవడు నా దగ్గరే. రెండు నెలలుగా పక్క తడుపుతా ఉండాడు. నీళ్లు పోస్తానంటే దగ్గరికి రానీడు. మొన్న రాత్రి దీపం ఆర్పినాక, ట్యూషన్‌ చెప్పే మా దూరపు చుట్టం తనతో చెయ్యకూడని పని చేస్తా ఉండాడని చెప్పినాడు. రోజూ నేనే చెయ్యి పట్టుకోని దిగబెట్టి వస్తా ఉంటి. మగబిడ్డ కదా, చెప్తే నవ్వరా? అల్లుడికి తెలిస్తే రచ్చవుతుంది. ట్యూషన్‌ మాన్పిస్తే చాలదా?
– ఒక అవ్వ

జవాబు: చాలదు పెద్దమ్మా. ట్యూషన్‌ ఈరోజే మాన్పించండి. కానీ ఆ మనిషి దగ్గరికి రేపు ఇంకొకరి బిడ్డ వెళ్తాడు కదా.

తిరుపతిలో పిల్లల వార్డులో నర్సుగా ఉన్నప్పుడు, కడుపునొప్పని చేరిన ఓ పిల్లవాడు సెలైన్‌ సూది మీది టేపును గోటితో గీరుకుంటూ, నా మొహం చూడకుండా రెండు మాటలు చెప్పాడు. వెంటనే ‘మా అమ్మకు చెప్పద్దు సిస్టర్‌’ అన్నాడు. ఫోన్‌లో గేమ్‌ ఆడుకోనిస్తాడని వాడే వెళ్లాడట, అందుకని తప్పు తనదేనట! మీ మనవడి మనసులోనూ అలాంటి లెక్కేదో ఉండొచ్చు. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నా నాయనా, తప్పు నీది కాదు’ అని ఈ రాత్రే చెప్పండి. తరచి తరచి అడగద్దు. వాడన్న మాటలు అన్నట్టే, తేదీ వేసి కాగితం మీద పెట్టండి. ఆ మనిషిని నిలదీయడానికి మాత్రం వెళ్లకండి. బెదిరిస్తాడు, లేదంటే కాళ్లు పట్టుకుంటాడు. రెండూ బిడ్డకు చేటే.

నవ్వేవాళ్ల సంగతి వదిలేయండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకోవడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు, 18 ఏళ్ల లోపు ఎవరైనా బిడ్డే. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని కూడా ఆ చట్టమే అంటుంది. పిల్లల సాయానికి పెట్టిన 1098 నంబరుకి ఫోన్‌ చేయండి, డబ్బులు పడవు, అర్ధరాత్రయినా పలుకుతారు. బిడ్డను స్టేషన్‌ మెట్లు ఎక్కించనక్కర్లేదు. పోలీసులే యూనిఫాం లేకుండా ఇంటికి వచ్చి, మీరు పక్కన ఉండగా వాడి మాటలు రాసుకోవాలి. వాడి పేరు, బడి పేరు పేపర్లో రాకూడదు. ఆసుపత్రిలో చూసినందుకు డబ్బు అడగకూడదు. కేసు నడిచినన్నాళ్లూ తోడుండే మనిషి కావాలని బాలల సంక్షేమ కమిటీని అడగండి.

మీ అమ్మాయికి మీరే చెప్పండి, మనవడు నిద్రపోయాక. వీడియో కాల్‌ ముందు కూర్చోబెట్టి ‘అమ్మకు చెప్పు’ అనద్దు. అల్లుడికి ఆమె చెప్పుకుంటుంది. దిగబెట్టి వచ్చింది నేనే అని కుమిలిపోతున్నారు. చదువుకోవాలని పంపారు తల్లీ, ఆ నమ్మకాన్ని చెడగొట్టింది ఆ ట్యూషన్‌ మనిషి.

ఇక స్నానం. నీళ్లు తోడి, తువ్వాలు దండెం మీద వేసి బయటికి వచ్చేయండి. ‘పిలిస్తే వీపు రుద్దుతా’ అనండి. వాడు పిలిచిందాకా వెళ్లద్దు. పక్క తడిపితే మాట్లాడకుండా దుప్పటి మార్చి, వాడు బడికి పోయినాక ఆరేయండి.