కళ్లెదుట దాడి జరుగుతుంటే సెక్యూరిటీ గార్డు అడ్డుపడాలా?

బరంపురం, రాయగడ వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లో కాపలా ఉద్యోగాలు చేసే మన తెలుగువారికి ఈ సందేహం సహజమే. ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారాలు లేవు. అయితే నేరాలు, శిక్షలను నిర్వచించే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం, ఎదుటివారి ప్రాణరక్షణకు అవసరమైనంత మేరకే బలం వాడే హక్కు పౌరులందరిలాగే అతనికీ ఉంది. తన కళ్లెదుటే నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని), కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల) నేరం చేసినవాణ్ణి పట్టుకుంటే, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి.

చేతిలో లాఠీ మాత్రమే ఉన్న ఒంటరి మనిషిని కత్తులకు ఎదురెళ్లమనడం అన్యాయమని నా అభిప్రాయం. కానీ చూస్తూ నిలబడటం అంతకన్నా ఘోరం: వెంటనే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయాలి, కేకలు వేసి జనాన్ని పిలవాలి, వీలైతే బాధితుణ్ణి గేటు లోపలికి తీసుకోవాలి. ఫోన్ ఎత్తినవారికి తెలుగు రాకపోవచ్చు కనుక, తాను కాపలా ఉండే చోటి చిరునామాను ఒడియాలో చెప్పడం ముందే నేర్చుకోవాలి.